తాళాలాయనకి అద్దె ఇల్లు

బ్రోకరు టీ వద్దన్నాడంటేనే ఎక్కడో ఏదో తేడా కొట్టిందని అర్థం. ఇళ్ళు చూపించి బతికే ఆ మనిషి, టీ ఇప్పిస్తానంటే మండుటెండలో ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చే రకం. అలాంటివాడు ఆ పొద్దున తాళాలాయన కొట్టు ముందు నిలబడి, స్టూలు చూపిస్తే కూర్చోలేదు. టీ తెప్పిస్తానంటే ఇప్పుడే తాగొచ్చానని అబద్ధమాడాడు.

తాళాలాయన చేతిలో పని ఉంది. మెషీనులో ఒక పక్క అసలు తాళంచెవి, ఇంకో పక్క పళ్ళు లేని కొత్త చెవి బిగించి, అసలుదాని పళ్ళ వెంబడే కొత్తదాన్ని కోస్తున్నాడు. ఇత్తడి పొడి ముంజేతి వెంట్రుకల మీద పడి మెరుస్తోంది. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. రెండు దుకాణాల మధ్య మిగిలిపోయిన సందు, వెనక గోడ నిండా మేకులకి వేలాడే చెవులు, ముందొక బల్ల. బజార్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. చిన్నా పెద్దా అందరికీ తాళాలాయనే.

"ఆ ఇల్లు కుదిరేట్టు లేదన్నా," అన్నాడు బ్రోకరు, మెషీను చప్పుడులో సగం కలిసిపోయేట్టు.

తాళాలాయన స్విచ్చి ఆపాడు. నిన్నటిదాకా బంగారంలా కుదిరిన ఇల్లది. టీచరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ, తన ఇంటిలో సగం భాగం అద్దెకిస్తానంది. కింది అంతస్తు. గుమ్మం దగ్గర ఒకే ఒక మెట్టు. ఆ మెట్టు సంగతి వినగానే అతని అత్తగారు, మోకాళ్ళ నెప్పులతో ఏడాదిగా వీధి మొహం చూడని మనిషి, అల్లుడికి దండం పెట్టినంత పని చేసింది. ఇప్పుడుంటున్నది మూడో అంతస్తు. ఆ మేడని పడగొట్టి కొత్తది కడతారట, నెలాఖరుకల్లా అందరూ ఖాళీ చెయ్యాలన్నారు. కింది వాటాలవాళ్ళు వెళ్ళిపోయారు కూడా. వాళ్ళ తలుపులు, కిటికీలు ఊడబెరికి పట్టుకుపోయారు. మెట్లెక్కుతుంటే ఆ ఖాళీ గదుల్లోంచి గాలి వచ్చి మీద పడుతోంది.

కారణం అడిగితే బ్రోకరు నోటితో చెప్పలేక ఫోను తీసి చేతిలో పెట్టాడు. టీచరమ్మ మేనల్లుడెవరో, అద్దెకిచ్చే ముందు మనుషుల పూర్వాపరాలు వెతికిపెట్టే కంపెనీ ఒకటుంది, వాళ్ళని అడక్కుండా ఇవ్వొద్దన్నాడట. ఆ కంపెనీ పంపిన రిపోర్టు అది. పైన ఎర్రటి ముక్కోణం. పేరు తనదే. తండ్రి పేరూ తన తండ్రిదే. ఉండే మేడ, చేసే పని, అన్నీ తనవే. ఆ కింద రాసి ఉంది: తాళం తీసి గదిలో చొరబాటు, దొంగతనం కేసు.

తాళాలాయనకి ముందు నవ్వొచ్చింది. "నేనా? మా ఇంట్లో మా అత్తగారి కన్నుగప్పి చెంచాడు చక్కెర తీసుకోలేని వాణ్ణి," అన్నాడు. బ్రోకరు నవ్వలేదు. అతను నవ్వకపోయేసరికి తన నవ్వు తనకే ఎబ్బెట్టుగా తోచి, తాళాలాయన నోరు మూసుకున్నాడు.

"నువ్వెలాంటివాడివో నాకు తెలుసన్నా. కానీ నీ పని చూడు. ఇంకో పని చేసేవాడైతే, పోనీలే అదే పేరుతో ఇంకెవడో అనుకుంటారు. తాళాలు తీసేవాడు తాళం తీశాడంటే ఎవరు నమ్మరు చెప్పు?"

ఆ మాట అని, టీచరమ్మ తిరిగిచ్చిన బయానా కవరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. కోస్తున్న చెవి మెషీనులో సగంలో ఉండిపోయింది. తాళాలాయన దాన్ని మళ్ళీ కొయ్యబోతే పన్ను తప్పింది. ఇన్నేళ్ళలో చెవి పాడుచెయ్యడం అతనికి అలవాటు లేదు. చిరాకేసి దాన్ని డబ్బాలోకి విసిరి ఇంకోటి బిగించాడు.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు మంచం మీదే కూర్చుని పాత చీరల్లో గిన్నెలు మూటలు కడుతోంది. ఇల్లు మారబోతున్నామన్న హుషారు ఆవిడకి. భార్య గోడకున్న అలమర ఖాళీ చేస్తోంది. ఇంత సంబరంలో ఈ కబురెలా చెప్పాలా అని కాసేపు చెప్పులు విప్పినచోటే తచ్చాడాడు. చివరికి చెప్పక తప్పలేదు.

"అల్లుడూ, దొంగతనం చేస్తే చేశావు గానీ, ఆ సొమ్ము కాస్త ఇంటికి తేవద్దూ?" అంది అత్తగారు. "ఎన్నేళ్ళయింది ఈ ఇంట్లో కొత్త దుప్పటి చూసి!"

భార్య మాత్రం నవ్వలేదు. చేతిలో గాజు సీసా అలాగే పట్టుకుని, ఏ కేసు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగింది. అప్పటికి గాని తాళాలాయన బుర్రలో అసలు సంగతి మెరవలేదు. కిందటేడు వానల్లో ఒక సాయంత్రం పోలీసులు కొట్టుకొచ్చి జీపెక్కమన్నారు. ఎవడో దొంగ, ఒక ఇంట్లో సామాను ఎత్తుకొచ్చి, అద్దెగదిలో పెట్టి తాళం వేసుకుని మాయమయ్యాడు. తలుపు బద్దలు కొట్టకుండా తియ్యాలి. తాళాలాయన వెళ్ళి తీశాడు. తీసినవాడివి నువ్వే కాబట్టి సాక్షిగా సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. పెట్టి ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాడు. అంతే కథ.

"మరి ఆ రోజు ఏదో హోటల్లో గదుల తాళాలు బాగు చెయ్యడానికి వెళ్ళానన్నారు?"

అన్నాడు. నిజమే. పోలీసులు పిలిస్తే వెళ్ళి ఊరికే పనిచేసి రావడం, ఇంటికొచ్చి భార్య చేత అక్షింతలు వేయించుకోవడం అంతకు ముందు చాలాసార్లు అయింది. వాళ్ళేమైనా మీ మేనత్త కొడుకులా, వాళ్ళడిగితే చాలు పెట్టె పట్టుకుని పరిగెడతారు అని ఆవిడ సాధించేది. ఆ సాధింపు తప్పించుకుందామని ఆ రోజు హోటలు పేరు చెప్పాడు. ఆ మాటే ఇప్పుడు చెప్పాడు, గోడకేసి చూస్తూ.

భార్య సీసాని అలమరలోనే తిరిగి పెట్టేసింది. గొంతు పెంచకుండా, "నాకు చెప్పిన అబద్ధం అదొక్కటేనా?" అంది.

కంపెనీ వాళ్ళు రాసింది చూసినప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు తాళాలాయనకి. వాళ్ళెవరో ఊరూ పేరూ లేనివాళ్ళు. ఇన్నేళ్ళు తనతో ఒకే కంచం ఒకే మంచం అన్నట్టు బతికిన మనిషి, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మూల ఉన్న పనిముట్ల పెట్టె వైపు చూసింది. ఆ చూపు అతని కంట పడింది. అతను చూశాడని ఆవిడకీ తెలిసింది. ఇద్దరూ మాట మార్చేశారు.

మర్నాడు కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. అద్దాల తలుపు, కార్డు ఆనిస్తే గాని తెరుచుకోనిది. అలవాటు కొద్దీ అతని కళ్ళు ఆ తాళం మీదికే పోయాయి. ఏ కంపెనీ తయారీయో పోల్చుకునేంతలో, ఇదెవరైనా చూస్తే ఏమనుకుంటారో అని గతుక్కుమని, చూపు తిప్పి గోడ మీది పటాన్ని చూస్తూ నిలబడ్డాడు. తనకి అన్నం పెట్టే తాళాన్ని తనే తలెత్తి చూడలేని రోజొచ్చిందే అని ఏడుపొచ్చినంత పనైంది.

లోపల కంప్యూటరు ముందున్న అమ్మాయి మర్యాదస్తురాలే. కూర్చోమంది, నీళ్ళిచ్చింది, చెప్పినదంతా తల ఊపుతూ వింది. విని, తెర మీద ఏదో వెతికింది. కేసు కాగితాల్లో ఉన్న పేర్లన్నీ తమ మెషీను దానంతటదే తెచ్చుకుంటుందని, ఫలానా మనిషి ఆ కేసులో ఎవరు అని రాసే గడి ఒకటుంటుందని, ఇతని పేరు పక్కన ఆ గడి ఖాళీగా ఉందని చెప్పింది.

"ఖాళీగా ఉంటే?"

"ఖాళీగా ఉంటే ముద్దాయి కింద వెళ్ళిపోతుంది సార్."

తాళాలాయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. ఖాళీగా ఉంటే ఖాళీ అని రాయొచ్చు కదా, తెలీకపోతే తెలీదని రాయొచ్చు కదా అని అడిగాడు. అలా రాసే వీలు లేదంది ఆ అమ్మాయి. పాపం, ఆ మాట అనడానికి ఆవిడకీ మనసొప్పినట్టు లేదు, మంచినీళ్ళ గ్లాసు ఇంకొంచెం ముందుకి జరిపింది. అర్జీ పెడితే పరిశీలిస్తారు, నెల పైనే పడుతుంది. త్వరగా కావాలంటే, మీరు సాక్షి మాత్రమే అని స్టేషను వాళ్ళ ముద్రతో కాగితం తెచ్చుకోవాలి. నెలాఖరు ఎంతో దూరం లేదు. నెల పైన అంటే ఆ మేడ ఉన్నచోట మట్టి దిబ్బ ఉంటుంది.

అక్కణ్ణించి కొట్టుకొచ్చి కూర్చున్నాడో లేదో, ఎదురుగా ఉన్న మందుల షాపాయన వచ్చాడు. కిందటి వారం తన షట్టరు తాళం బాగు చెయ్యమని ఇచ్చాడు. లోపలి స్ప్రింగులు మార్చి, నూనె పెట్టి, ఇవాళ ఇద్దామని పక్కన పెట్టాడు తాళాలాయన. ఆయన తాళం తీసుకుని, వేలితో అటూ ఇటూ తిప్పి, "చెవులు ఇవేగా? ఇంకేం లేవుగా నీ దగ్గర?" అన్నాడు. రోజూ పొద్దున్నే పలకరించుకునే మనిషి. బ్రోకరు ఇక్కడ తాగని టీ ఎక్కడ తాగాడో తాళాలాయనకి అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నం మరో ఇద్దరొచ్చి, ఇచ్చిన తాళాలు బాగు చెయ్యకుండానే తిరిగి పట్టుకుపోయారు. ఒకావిడ మొహం చూడలేక తల దించుకుని తీసుకుంది. తాళాలాయనకి ఒళ్ళు మండింది గానీ ఎవరి మీద మండాలో తెలీలేదు. ఎవరూ ఏమీ అనలేదు మరి. అన్నవాణ్ణయితే కొట్టు దిగి నిలదీయొచ్చు.

స్టేషనుకి భార్య కూడా బయల్దేరింది. వద్దంటే వినలేదు. మీరొక్కరూ వెళ్తే మళ్ళీ ఏ కాగితం మీద సంతకం పెట్టొస్తారో నాకు నమ్మకం లేదంది. ఆ నమ్మకం అన్న మాట ఇద్దరికీ గుచ్చుకుంది. స్టేషను గేటు దగ్గర ఆవిడ ఆగి, అతని చొక్కా కాలరు సరిచేసింది.

కాగితాలు చూసే రైటరు తాళాలాయనని చూసి తెగ సంతోషపడిపోయాడు. "నూరేళ్ళాయుష్షయ్యా తాళాలూ! నీకే కబురు పెడదామనుకుంటున్నా. పెట్టె తెచ్చావా?" అన్నాడు. వెనక గదిలో ఇనప బీరువా తాళం పట్టేసింది. చెవి తిరగడం లేదు. తాళాలాయన తను వచ్చిన పని చెప్పుకున్నాడు. రైటరు పకపకా నవ్వాడు. నువ్వు సాక్షివని మాకు తెలుసు, దొంగ దొరికి జైల్లోనే ఉన్నాడు, ఎవడో కంపెనీ వాడు ఏదో కూస్తే నీకెందుకయ్యా అన్నాడు. ఇల్లు పోయింది సార్ అన్నాడు తాళాలాయన. అయ్యో అన్నాడు రైటరు. ఇంకో ఇల్లు చూసుకోమన్నాడు. ఆ కేసు కాగితాలు ఎక్కడున్నాయంటే ఎక్కడున్నాయి, ఆ బీరువాలోనే ఉన్నాయి.

తాళాలాయన వెంట తెచ్చుకున్న పెట్టె తెరవబోయాడు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. భార్య అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

"బీరువా తెరిచాక మాకు కాగితం రాసిస్తారా సార్?" అంది రైటరుతో.

"తెరవనీ అమ్మా, చూద్దాం."

"చూద్దాం కాదు సార్. పోయినసారి ఊరికే పని చేయించుకున్నారు. ఈసారి కూలీ ఇవ్వక్కర్లేదు. కాగితం ఇవ్వండి."

రైటరు ఆవిడ వైపు, తాళాలాయన వైపు, తలుపు దగ్గర నవ్వాపుకుంటున్న కానిస్టేబులు వైపు చూశాడు. ఇదేం గోలరా బాబూ అనుకున్నట్టున్నాడు. సరే రాసిస్తానన్నాడు. అప్పుడు చెయ్యి తీసింది ఆవిడ.

తాళం లోపల ఎప్పుడో విరిగిన చెవి ముక్క ఒకటి ఇరుక్కుని, దాని చుట్టూ తుప్పు పట్టింది. తాళాలాయన నేల మీద గొంతుక్కూర్చుని, నూనె చుక్కలు వదిలి, నానే దాకా ఆగి, సన్నటి కొక్కెంతో ముక్కని కొంచెం కొంచెం జరుపుకుంటూ వచ్చాడు. తాళానికి తన చెవి ఆనించి వింటూ చేసే పని. భార్య గోడకానుకుని నిలబడి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు తాళం తియ్యడం ఆవిడ ఇంత దగ్గర్నుంచి చూడలేదు. తెచ్చిన డబ్బులు చూసింది, మాసిన చొక్కాలు చూసింది, వేళ్ళ మీద గీతలు చూసింది. ఊపిరి కూడా బిగబట్టి చేసే ఈ పని చూడలేదు. ముక్క ఊడి అతని అరచేతిలో పడ్డప్పుడు ఆవిడ కూడా ఊపిరి వదిలింది.

రైటరు మాట తప్పలేదు. కేసు కాగితాలు తీసి, ఈ మనిషి తలుపు తీయడానికి తాము పిలిపించిన సాక్షి తప్ప ముద్దాయి కాడని నాలుగు ముక్కలు రాసి, ముద్ర గుద్దాడు. ఆ వెంటనే ఇంకో కాగితం ముందుకి తోసి, బీరువా నువ్వే తెరిచినట్టు ఇక్కడ సంతకం పెట్టవయ్యా అన్నాడు. తాళాలాయన కలం అందుకున్నవాడల్లా ఆగిపోయాడు. భార్య ఆ కాగితం లాక్కుని పైనుంచి కిందిదాకా చదివింది. చదివి, అతని పేరు పక్కన ఉన్న ఖాళీలో 'మరమ్మతు చేసినవాడు' అని తనే రాసి, అప్పుడు సంతకం పెట్టమంది. రైటరు, "మీ ఆవిడకి ఇక్కడ ఉద్యోగం ఇప్పించమంటావా ఏంటయ్యా?" అన్నాడు. తిరిగొస్తుంటే భార్య దారిలో ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. అతనూ నవ్వాడు. పెట్టె తను పట్టుకుంటానంది. బరువు అన్నాడు. ఇవ్వండి ఫరవాలేదంది.

కంపెనీలో ఆ అమ్మాయి కాగితం చూసి అప్పటికప్పుడు గడి నింపింది. కొత్త రిపోర్టు వచ్చింది. ఎర్ర ముక్కోణం పోయింది. అంతే, ఒక మీట నొక్కితే పోయింది. దానికోసమేనా ఇన్ని రోజులుగా అన్నం సయించలేదు అనుకున్నాడు తాళాలాయన.

టీచరమ్మ ఆ రెండు కాగితాలూ కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా, అక్షరం వదలకుండా చదివింది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మాట కూడా అలాగే, తూచినట్టు ఉంటుంది. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "నన్ను క్షమించు బాబూ. నీకు అన్యాయం జరిగింది," అంది. కల్మషం లేకుండా అంది. ఇల్లు ఇంకెవరికీ ఇవ్వలేదని, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగొచ్చని చెప్పి, లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చింది. తాళాలాయన కళ్ళు చెమర్చాయి. కప్పు పట్టుకోవడం చేతకాక సాసరులో ఒలకబోసుకున్నాడు.

సామాను మార్చే రోజు అత్తగారిని మూడో అంతస్తు నుంచి కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని ఆవిడ, వీధుల్ని చూసుకుంటూ, అదేంటి ఇదేంటి అని అతని ప్రాణం తీసింది. మొదటి విడత సామానుతో తాళాలాయన ముందే వచ్చేశాడు. గదులు ఊడ్చి, మంచం చట్రం నిలబెట్టేసరికి టీచరమ్మ వచ్చింది, చేతిలో ఒక పొట్లంతో.

ఆ ఇల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. రెండు వాటాలు చేసినప్పుడు గదికీ గదికీ మధ్య తలుపు ఒకటి అలాగే ఉండిపోయింది. దానికి పాతకాలపు గొళ్ళెం తప్ప ఏమీ లేదు. టీచరమ్మ పొట్లం విప్పింది. కొత్త తాళం, తలుపు చెక్కలోకి దించి బిగించేది, ఖరీదైనదే.

"నీ మీద అనుమానం ఉండి కాదు బాబూ," అంది. "నాకు నమ్మకమే. కాగితం చూశాను కదా. కానీ ఒకసారి ఆ మాట చదివాక... ఒంటరిదాన్ని. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. బయటివాణ్ణెవరినో ఎందుకు పిలవడం, నీ పనే కదా, నువ్వే వేసెయ్యి."

తాళాలాయన తాళం చేతిలోకి తీసుకున్నాడు. మంచి తాళం. బరువు బావుంది. కాదు పొమ్మని వ్యాను వెనక్కి తిప్పొచ్చు. తిప్పి ఎక్కడికి? అక్కడ మేడకి ఈపాటికి తలుపులూడదీస్తూ ఉంటారు. ఇక్కడ ఒకే ఒక మెట్టున్న గుమ్మం. ఆ గుమ్మంలోకి ఇంకాసేపట్లో అత్తగారు తన కాళ్ళతో తను నడిచొస్తుంది. మింగలేక కక్కలేక నిలబడ్డాడు. చివరికి పెట్టె తెరిచి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, తలుపు దగ్గర కూర్చున్నాడు. గీత గియ్యబోయి ఆగాడు. గదుల మధ్య తలుపుకి ఎప్పుడూ అడగాల్సిన మాటే, ఎన్ని వందల ఇళ్ళలో అడిగాడో.

"అమ్మా, దీనికి లోపలెటు, బయటెటు?"

టీచరమ్మకి అర్థం కాలేదు. అతను తాళం చూపించి చెప్పాడు. ఒక వైపు పిడి ఉంటుంది, లోపలున్నవాళ్ళు ఊరికే తిప్పి తీసుకుంటారు. రెండో వైపు కన్నం ఉంటుంది, బయటున్నవాళ్ళకి చెవి ఉంటే గాని రాదు. వీధి తలుపుకైతే అడగక్కర్లేదు. ఇది ఇంటి మధ్యలో తలుపు, అందుకని అడిగాడు. వ్యంగ్యం ఏమీ లేదు అతని గొంతులో.

ఆవిడ తలుపుకి ఇటువైపున్న గదిని చూసింది. నిలబెట్టిన మంచం చట్రం, మూటగట్టిన గిన్నెలు, గోడకానించిన చాప. తర్వాత అటువైపు తన గది చూసుకుంది.

"లోపల... నా వైపు బాబూ."

"సరేనమ్మా."

గీత గీశాడు. బర్మాతో కన్నాలు వేశాడు, ఉలితో చెక్క తొలిచాడు, తాళం కూర్చోబెట్టి మరలు బిగించాడు. పిడి ఆవిడ వైపు, కన్నం తన వైపు. తలుపు వేసి తీసి, వేసి తీసి చూశాడు. ఎక్కడా పట్టెయ్యడం లేదు. తన చేత్తో నాసిరకం పని చెయ్యడం అతని వల్ల కాలేదు. చెవులన్నీ ఒకే తీగకి గుచ్చి ఉన్నాయి. తీగతో సహా ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఎంతివ్వమంటావని అడిగితే ఏమీ వద్దన్నాడు. ఆవిడ తలుపు వేసుకుంది. పిడి తిరిగిన చప్పుడు ఇటు వినిపించింది.

అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. అత్తగారు భార్య భుజం పట్టుకుని దిగి, మెట్టు ఎక్కి, గుమ్మంలో నిలబడి రొప్పుతూ ఇల్లంతా కలియజూసింది. "చూశావటే, ఎవరూ మొయ్యకుండా వచ్చాను," అంది కూతురితో. భార్య చూపు తలుపు కింద రాలిన చెక్క పొట్టు మీద పడింది. పైన కొత్తగా మెరుస్తున్న ఇత్తడి కన్నం చూసింది. చెవి ఎక్కడుందని అడగలేదు. అతని మొహం చూసి ఊరుకుంది.

తాళాలాయన పొట్టు ఊడ్వబోయి, చీపురు కింద పెట్టేశాడు. పెట్టె అడుగున వెతికి ఒక ఇనప గడియ తీశాడు. ఎవరింట్లోనో మిగిలిపోయింది, పాతదే గానీ గట్టిది. ఆ తలుపుకే, తన వైపు, గుండెల ఎత్తున పెట్టి చూసుకుని మరలు బిగించడం మొదలుపెట్టాడు.

బర్మా చప్పుడుకి అటువైపు పిడి తిరిగింది. తలుపు తెరుచుకుంది. టీచరమ్మ గడియని చూసి, "అదెందుకు బాబూ?" అంది. నిజంగానే తెలీక అడిగింది.

తాళాలాయన ముందు ఆఖరి మర బిగించాడు.

"మీ వైపు నుంచి చూస్తే మేం బయటమ్మా," అన్నాడు. "మా వైపు నుంచి చూస్తే మీరు. నాకూ ఇంట్లో ఆడవాళ్ళున్నారు. మీ గురించి నేనెవర్నీ అడగలేదు."

ఆవిడ మొహం చిన్నబోయింది. ఏదో అనబోయి, అతని వెనక మంచం చట్రం మీద కూర్చుని తననే చూస్తున్న ముసలావిడని చూసి, ఆగిపోయింది. ద్వారబంధం మీద ఉన్న ఆవిడ వేళ్ళు కదలలేదు.

"చెయ్యి జాగ్రత్తమ్మా, నలుగుతుంది," అన్నాడు తాళాలాయన.

ఆవిడ చెయ్యి తీసుకుంది. అతను తలుపు మెల్లగా దగ్గరికి వేసి, గడియ పెట్టాడు. అటువైపు అడుగులు దూరంగా వెళ్ళాయి. భార్య ఇంకో మూట లోపలికి మోసుకొచ్చి, దీన్నెక్కడ పెట్టమంటారని అడిగింది.

"ఎక్కడైనా పెట్టు," అన్నాడు. "మనిల్లే కదా."